హైమ కాపురముండే గీత

శేషారత్నం ఎడమ బుగ్గ మీద, ముక్కు పక్క నుంచి పెదవి చివరిదాకా దిగే గీతలో ఆమె చెల్లెలు హైమ కాపురం ఉంటోంది. తను చనిపోయాక, తన పెద్దకర్మ భోజనాలు జరుగుతుండగానే వచ్చి దిగింది. ఒక చేతిలో ట్రంకు పెట్టె, ఇంకో చేతిలో కాఫీ ఫిల్టరు. "అక్కా, కాస్త జరుగు" అంది. శేషారత్నం ఏడుపు మధ్యలోనే నవ్వింది. నవ్వగానే గీత విచ్చుకుంది, హైమ లోపలికి వెళ్ళిపోయింది. అంతే.

అప్పట్నుంచీ శేషారత్నం నవ్వితే రెండు నవ్వులు వినిపిస్తాయి. కాకినాడ మెయిన్ రోడ్డులో ఆమె మ్యాచింగ్ సెంటరుకి జాకెట్టు గుడ్డలకని వచ్చే ఆడవాళ్ళు ఆ రెండో నవ్వు విని గానీ వెళ్ళరు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, హైమ నవ్వే బాగుంటుంది.

చిక్కల్లా సామానుతో వచ్చింది. హైమ ఊరుకునే రకమా? మంచం తెప్పించింది, బీరువా తెప్పించింది, పచ్చడి జాడీలు వరసగా సర్దింది. ఆ బరువుకి శేషారత్నం బుగ్గలు కిందికి దిగుతున్నాయి. కొట్టుకొచ్చిన ప్రతి మనిషీ "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అని అడుగుతోంది. నిక్షేపంగా ఉన్న మనిషిని పట్టుకుని రోజూ అదే మాట అంటే ఎవరికి మాత్రం ఒళ్ళు మండదు?

"బుగ్గలు నిలబడ్డానికి ఫిల్లర్ సూది వేయించుకుందామనుకుంటున్నానే" అంటుంది శేషారత్నం అద్దం ముందు నిలబడి.

"వేయించుకో, నిన్నెవరొద్దన్నారు?" అంటుంది హైమ లోపల్నుంచి. "నా గుమ్మం మాత్రం పూడ్పించకు. మళ్ళీ ఇల్లు వెతుక్కునే ఓపిక నాకు లేదు."

"నా తల్లే! నీ గుమ్మం పూడ్పిస్తానా?"

"మొహమాటపెడితే నువ్వు ఏదైనా చేస్తావు."

అది నిజమే. శేషారత్నం జడ వేసుకుంటుంది.

ఫిల్లర్ క్లినిక్‌లో డాక్టర్ వసుంధర గారు నెమ్మదస్తురాలు. శేషారత్నాన్ని నవ్వమంటారు, రెండు నవ్వులూ వింటారు, గీతలోకి టార్చి వేసి చూస్తారు. హైమ లోపల్నుంచి నమస్కారం పెడుతుంది. ఆవిడ కూడా పెడతారు.

"గీతలో ఒక్క చుక్క కూడా వేయను" అంటారు. "పైన, ఈ ఎముక దగ్గర కొంచెం నిలబెడితే చాలు. బుగ్గ పైకి లేస్తుంది, గీత దానంతటదే తేలికపడుతుంది. పూర్తిగా పోదు. పోకూడదు కూడా, మొహం కదలాలి కదమ్మా. మిగతాది నెల పోయాక చూద్దాం."

శేషారత్నానికి ప్రాణం లేచొస్తుంది.

"వడ్డన దగ్గర మాత్రం జాగ్రత్త" అంటారు డాక్టరు గారు చేతులు కడుక్కుంటూ. "మావాళ్ళవి మరీ పెద్ద చేతులు."

ఫిల్లర్ వడ్డించే హాలు క్లినిక్ కంటే పొడుగ్గా ఉంది. ఎంతమంది వచ్చి కూర్చుంటే అంత సాగుతోంది. అందరి ముందూ అరిటాకులు వేశారు. శేషారత్నం కూడా ఆకు మీద నీళ్ళు చిలకరించి, తుడిచి, తన మొహం తీసి అందులో పెట్టుకుంటుంది. ఆకు కొస ఎడమ పక్కకి, నుదురు కొస వైపుకి. మాట ఆకులోంచి వస్తుంది, ఇబ్బందేం లేదు.

పక్కాకు లీలావతి గారనే పెద్దావిడది. ఆవిడ మొహం ఆకంతా నిండిపోయి, అంచు దాటి, శేషారత్నం ఆకు మీదికి వస్తోంది. కళ్ళు ఎక్కడో లోపలున్నాయి.

"అంత ప్రేమగా అడుగుతుంటే వద్దంటే ఏం బాగుంటుంది చెప్పండి" అంటారావిడ. "నిన్న మా మనవరాలు తలుపు తీసి, ఎవరు కావాలండీ అంది." ఆ మాట చెబుతూ ఏడుస్తున్నారు. మొహంలో మాత్రం ఏదీ కదలట్లేదు, నీళ్ళు జారిపోతున్నాయంతే. పాపం, చూడలేక శేషారత్నం తల తిప్పుకుంటుంది.

కొంగులు బిగించి, ఇత్తడి బకెట్లు పట్టుకుని వడ్డించేవాళ్ళు వస్తారు. ముందున్నావిడ పేరు మంగతాయారు. ఎముక దగ్గర ఓ చిన్న గరిటె వేస్తుంది. బుగ్గ హాయిగా పైకి లేస్తుంది.

"చాలండి" అంటుంది శేషారత్నం.

"చాలేవిటి, ఇంకా మొదలే కాందే! మీదే ఊరు?"

"పెద్దాపురం."

"అయ్యో రామా, మాదీ పెద్దాపురమే! అయితే నువ్వు నాకు వరసకి చెల్లెలివి. అక్క చేత్తో వేసింది కాదంటావా?"

కాదనాలి. ఇక్కడే కాదనాలి. శేషారత్నం నోటి చివరిదాకా వచ్చిన మాట తీరా బయటికొచ్చేసరికి "కొంచెం" అయిపోతుంది.

"కొంచెం అంటే మనవైపు ఎంతో నాకు తెలీదూ?" అని మంగతాయారు గరిటె నిండా తీసి గీతలో వంపేస్తుంది.

గీత నిండిపోతుంది. నున్నగా, అద్దంలా తయారవుతుంది. హైమ గుమ్మం ఎక్కడుందో కనిపించడం లేదు. లోపల ట్రంకు పెట్టె జరిపిన చప్పుడు, తర్వాత తలుపు కొడుతున్న చప్పుడు.

"అక్కా, తలుపు రావట్లేదే."

ఒక్క నవ్వు నవ్వితే తలుపు తెరుచుకుంటుంది. శేషారత్నం నవ్వబోతుంది. నవ్వడానికి మొహంలో చోటు లేదు. ఒకసారి పోగొట్టుకున్న చెల్లెల్ని మళ్ళీ తన చేతులారా పోగొట్టుకుంటోంది, అదీ ఎవరో ఊరు పేరు చెప్పారని!

"వద్దు" అంటుంది. "సిగ్గుపడకు" అని ఇంకో గరిటె. "బాబోయ్, నిజంగా వద్దు" అంటుంది. "అలాగే అంటారు" అని మరో గరిటె. చెయ్యి అడ్డం పెడితే పక్కనుంచి పోస్తున్నారు. లేవబోతే బంతి బంతంతా తల తిప్పి చూస్తుంది. లీలావతి గారు చెయ్యి పట్టుకుని లాగి కూర్చోబెడతారు. "అందరూ తింటుండగా మధ్యలో లేస్తారటండీ?"

తలుపు చప్పుడు పలచబడుతోంది.

అప్పుడు గుర్తొస్తుంది. చిన్నప్పుడు పెళ్ళిళ్ళలో వడ్డించేవాళ్ళని తప్పించుకోడానికి హైమ ఒక పని చేసేది. పప్పు కూడా రాకముందే గొంతెత్తి అరిచేది. అమ్మ తొడ మీద గిల్లేది, అయినా అరిచేది. శేషారత్నం తన జన్మలో ఏ బంతిలోనూ నోరెత్తి ఏదీ అడిగిన మనిషి కాదు. ఇప్పుడు ఆకులోని నోరు పెట్టుకుని హాలు దద్దరిల్లేలా అరుస్తుంది.

"మజ్జిగ! ఇటు మజ్జిగ పట్రండి!"

గరిటెలు గాల్లో ఆగిపోతాయి. మజ్జిగ అడిగిన ఆకులో ఇంకెవరూ ఏమీ వెయ్యకూడదు. ఎంత పెద్ద చేతికైనా ఆ మర్యాద తెలుసు.

"అప్పుడే మజ్జిగదాకా వచ్చేశావా, చెల్లీ?" అంటుంది మంగతాయారు బిక్కమొహం వేసుకుని.

"వచ్చేశాను."

డాక్టరు గారే స్టీలు జగ్గు పట్టుకుని వస్తారు. "కరిగించేది ఇదే. ఆలస్యమైతే అయింది, అడిగారు కదా" అంటూ పల్చగా పోస్తారు. ఎముక దగ్గర మొదట వేసినది పోకుండా అరచెయ్యి అడ్డం పెడతారు. మిగతాదంతా కరిగి, ఆకు ఈనె వెంట పారి, గచ్చు మీదికి పోతుంది. గీత మళ్ళీ పైకి తేలుతుంది, మునుపటికంటే కాస్త తేలిగ్గా.

శేషారత్నం ఏడుస్తూనే నవ్వుతుంది. తలుపు తెరుచుకుంటుంది. హైమ నిలువునా తడిసి, చంకలో కాఫీ ఫిల్టరుతో బయటికొస్తుంది. ఆకు దాటి చాప మీదికొచ్చేసరికి తన మామూలు ఎత్తుకి వచ్చేస్తుంది.

"చెప్పానా లేదా?"

"చెప్పావే తల్లీ, చెప్పావు."

శేషారత్నం మొహం తగిలించుకుని, కొంగుతో చెల్లెలి తల తుడుస్తుంది. తడిసిన జుట్టులో నెరిసిన వెంట్రుకలున్నాయి. పోయినప్పుడు ఒక్కటీ లేదు. ఇన్నాళ్ళూ లోపలుండి, తనతోపాటే ఇదీ పెద్దదవుతోందన్నమాట. శేషారత్నానికి పట్టరాని సంతోషం వేస్తుంది.

కొత్త మనిషి కూర్చుంది కాబట్టి కొత్త ఆకు వేస్తారు. హైమ కూడా మొహం తీసి ఆకులో పెట్టుకుంటుంది. ఆ ఎడమ బుగ్గ మీదా ఒక గీత ఉంది, అందులోంచి వెలుతురు వస్తోంది. శేషారత్నం వంగి చూస్తుంది. లోపల నాలుగు మెట్లు, ఓ లైటు, గోడ పొడుగునా రంగురంగుల జాకెట్టు గుడ్డలు. ఎవరో అటు తిరిగి కూర్చుని గుడ్డలు మడతపెడుతున్నారు.

ఈలోగా మంగతాయారు తేరుకుంది, బకెట్టు నింపుకొచ్చింది. "ఇప్పుడే వచ్చావు, నీకు వెయ్యకపోతే ఎలా?" అంటూ హైమ ఆకు మీదికి వంగుతుంది.

శేషారత్నం తన రెండు చేతులూ చెల్లెలి ఆకు మీద కప్పేస్తుంది. గరిటె వాటి మీదే పడుతుంది. మళ్ళీ పడుతుంది. చేతులు బూరెల్లా ఉబ్బుతున్నాయి, గాజులు బిగుసుకుంటున్నాయి, అరచేతి గీతలు ఒక్కొక్కటే పూడిపోతున్నాయి. అయినా తీయదు.

చేతుల కింద, హైమ బుగ్గ గీతలో, గుడ్డలు మడతపెడుతున్న మనిషి లేచి మెట్లెక్కి గుమ్మంలోకి వస్తుంది. ఆ మొహం శేషారత్నానిదే. గడప మీద నిలబడి, నడుముకి కొంగు దోపుకుని, ఎవరూ అడగకుండానే గొంతెత్తి మజ్జిగ కోసం అరుస్తోంది.