అరిగిన పిడి

లేని తుపాకీని తెచ్చి ఇమ్మంటే ఎవరైనా ఎక్కణ్ణుంచి తెస్తారు? మా తమ్ముడు పొద్దుటి నుంచి పోలీసులకు ఇదే మొరపెట్టుకుంటున్నాడు. వాడు జన్మలో చెప్పిన కొద్దిపాటి నిజాల్లో ఇదొకటి. ఖర్మకాలి దీన్నే ఎవరూ నమ్మడం లేదు.

వాడు నెట్‌లో పెట్టిన ఫొటోలో తుపాకీ ఉంది. మా భోజనాల బల్ల మీద, కిటికీ వెలుతురులో, తీరిగ్గా పడుకుని ఉంది. కింద వాడు రాసుకున్న ముక్క: "ఎదురొచ్చేవాళ్లు ఇంట్లో చెప్పి రండి." మొబైళ్లు బాగుచేసే కొట్లో పనిచేస్తూ, బొద్దింకను చూస్తే మంచమెక్కే మనిషి. వీధిలో వాణ్ణి అందరూ హీరో అంటారు, వెక్కిరింతగానే. ఆ ఫొటో చూసిన పుణ్యాత్ముడెవరో పోలీసులకు పంపించాడు. కొట్లోంచే వాణ్ణి ఎత్తుకుపోయారు.

ఆ తుపాకీ చేసింది నేను. చేశానంటే ఇనుముతో కాదు, కంప్యూటర్లో. జపాన్ వాళ్ల వీడియో గేమ్ ఒకటి ఉంది, అంతా దాదాలూ, ముఠాలూ, చీకటి సందులూ. ఆట తయారయ్యేది అక్కడే అయినా, అందులో కనబడే వస్తువులను మాలాంటి చిన్న ఆఫీసులకు పంచుతారు. ఒకరికి కార్లు, ఒకరికి కుర్చీలు. నా వంతుకు తుపాకులు వచ్చాయి. పుట్టి బుద్ధెరిగాక ఒక్క దోమను తప్ప దేన్నీ చంపని దాన్ని, రష్యా పిస్టల్ గొట్టం పొడవెంతో నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

ఊహించి చేస్తే వాళ్లు ఒప్పుకోరు. ప్రతిదీ లోకంలో నిజంగా ఉన్న తుపాకీ అయి తీరాలి. ఎందుకంటే ఈ ఆటలాడే వాళ్లలో కొందరు మహానుభావులు ఉన్నారు. ఆట విడుదలైన మర్నాటికల్లా ఏ రౌడీ చేతిలో ఏ తుపాకీ ఉందో, అది ఏ దేశానిదో, దాని మీట ఏ వైపు ఉండాలో అంతా ఇంటర్నెట్‌లో పెట్టి ఉతికి ఆరేస్తారు. వాళ్ల భయం జపాన్ వాళ్లకి, జపాన్ వాళ్ల భయం మాకు. మళ్లీ తయారీ కంపెనీ పేరు మాత్రం నిజంది ఉండకూడదు. మొహం అచ్చు దిగాలి, పేరు మాత్రం మార్చాలి.

నా ప్రాణం తీసింది ఒక పాత రివాల్వర్. ఆటలో ఒక ముసలి దాదా ఉంటాడు. కుర్రతనం నుంచీ ఆయన చేతిలో అదే తుపాకీ. నేను పంపిన ప్రతిసారీ "మరీ కొత్తగా ఉంది, దీన్ని పట్టుకున్న మనిషి కనబడటం లేదు" అని వెనక్కి కొట్టారు. ఎంత గీకినా, ఎంత మసి పూసినా అదే మాట. నెట్‌లో దొరికే ఫొటోలన్నీ అమ్మకానికి తుడిచి పెట్టినవి. వాటిల్లో మనిషి ఎక్కడుంటాడు?

అప్పుడు నాకు నాన్న తుపాకీ గుర్తొచ్చింది. అసలు గొడవంతా ఇక్కడే ఉంది.

నాన్న నగల దుకాణానికి కాపలా ఉండేవాడు. రివాల్వర్ ఆయన సొంతం, లైసెన్సు ఆయన పేరు మీదే ఉండేది. చూపు మందగించి పని మానేశాక లైసెన్సు రద్దు చేశారు. తుపాకీ తెచ్చి పోలీస్ స్టేషన్లో అప్పగించమన్నారు. నాన్న అది బస్సులో పోయిందని అక్కడ రాసిచ్చి, ఇంటికొచ్చి దాన్ని అమ్మ కుట్టుమిషను పెట్టెలో పెట్టాడు. అమ్మ పోయాక ఆ పెట్టె ఎవరూ తెరవలేదు. వారానికోసారి నాన్న మాత్రం తలుపు దగ్గరకు వేసుకుని దాన్ని తుడుచుకుంటాడు. ఎన్నిసార్లు మొత్తుకున్నా వినలేదు. "నాకు అన్నం పెట్టిన వస్తువే అది. పారేయమంటావా?" అంటాడు. దొరికితే జైలేనని ఆయనకూ తెలుసు.

ఒక ఆదివారం మధ్యాహ్నం నాన్న కునుకు తీస్తుంటే దాన్ని తీసి అన్ని వైపులా ఫొటోలు పట్టాను. చెక్క పిడి మీద ఒకచోట, మామూలుగా బొటనవేలు ఉండేచోటు కంటే కొంచెం కిందగా, నున్నగా పల్లం పడింది. అది చూసీ చూసీ, అచ్చం అలాగే దించాను. జపాన్ నుంచి "ఇదీ తుపాకీ అంటే" అని జవాబు వచ్చింది. వెలుతురు సరిగ్గా పడుతోందో లేదో చూద్దామని దాన్ని మా భోజనాల బల్ల ఫొటో మీద ఒకసారి పెట్టి చూసుకున్నాను. ఆ బొమ్మనే మా హీరోగారు నా కంప్యూటర్లోంచి లేపేశారు.

నాన్నకు ఇదేదీ తెలియదు. ఆట విడుదలయ్యేదాకా బయటివాళ్లకు చూపించకూడదని మా ఆఫీసులో సంతకం పెట్టించుకుంటారు. నేను ఏం పని చేస్తానో నాన్న ఎప్పుడూ చూడలేదు. "బొమ్మలు వేస్తే జీతమిస్తారా? ఇచ్చేవాడికి పిచ్చి, పుచ్చుకునేదానికి సిగ్గులేదు" అని పక్కింటాయనతో నవ్వుతూ అంటుంటాడు. నవ్వుతూనే అంటాడు గానీ, నాకు కాలుతుంది.

స్టేషన్ నుంచి నాకు ఫోన్ వచ్చేసరికే మా ఇంటి గుమ్మం ముందు ఒక కానిస్టేబుల్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. సోదా ఉత్తర్వు సాయంత్రానికి వస్తుందట. అది వచ్చేదాకా ఇంట్లోంచి ఒక్క వస్తువు బయటకు పోకూడదు. లోపల నాన్న, కుట్టుమిషను. తమ్ముడి ఫొటో ఉత్త బొమ్మేనని సాయంత్రంలోగా నమ్మించగలిగితే సోదా ఉండదు. నమ్మించలేకపోతే వాళ్లు వెతికేది ఒకటి, దొరికేది ఇంకొకటి. రెండూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటాయి.

మా టీమ్ పెద్దాయనకు చెప్పాను.

"పోలీసులకి చూపిస్తావా? బుర్రుందా నీకు? కాంట్రాక్టు పోతుంది. నీ ఉద్యోగం, దాంతోపాటు నాదీ."

"మా తమ్ముడు లోపలున్నాడండీ."

"బెయిలు తెచ్చుకోండి."

ఇంకేం మాట్లాడకుండా లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని వచ్చేశాను. ఆయన వెనకనుంచి పిలుస్తూనే ఉన్నాడు. ఉద్యోగం పోతే పోయింది, ఏడ్చే పని తర్వాత చూసుకోవచ్చు అనుకున్నాను.

స్టేషన్లో నా ఫోన్ తీసి సొరుగులో పడేశారు. ఇన్‌స్పెక్టర్ గది ఇరుకుగా ఉంది. ఒక్కటే కిటికీ, దానికీ బీరువా అడ్డం. తమ్ముడు మూల బెంచీ మీద ముడుచుకుని ఉన్నాడు. చెంప వాచింది. వాణ్ణి తిట్టాలని దారి పొడుగునా కూడబెట్టుకున్న తిట్లన్నీ ఆ చెంప చూశాక ఎటు పోయాయో తెలియదు.

"అక్కా, నువ్వైనా చెప్పక్కా. తుపాకీ లేదంటే నమ్మడం లేదు."

ఇన్‌స్పెక్టర్ మెత్తగా మాట్లాడే మనిషి. నాకు కుర్చీ చూపించాడు.

"చూడమ్మా, ఆ ఫొటో మా ఆయుధాల నిపుణుడికి పంపాం. నిజమైందేనన్నాడు."

ఇంకెప్పుడైనా అయితే ఆ మాటకు గాల్లో తేలిపోయేదాన్ని. ఇప్పుడు మాత్రం గబగబా లాప్‌టాప్ తెరిచాను. బల్ల, బల్ల మీద రివాల్వర్, తమ్ముడు పెట్టిన ఫొటో యథాతథంగా తెర మీదికి వచ్చింది. తర్వాత తుపాకీని నిలబెట్టాను, గిర్రున తిప్పాను, దాని తోలంతా వలిచి లోపలి గీతల వల చూపించాను. చివరికి గులాబీ రంగు పూశాను. ఇన్‌స్పెక్టర్ పకపకా నవ్వాడు.

"అబ్బో! మా వాళ్లందరికీ ఇది చూపించాలి. పిడి రెండు వైపులా అరిగిందేంటి?"

"ఒక వైపే చేస్తాం సార్. రెండోవైపుకి అదే తిప్పి అతికిస్తాం. పని తగ్గుతుంది."

"ఈ అరగడం దేన్ని చూసి చేశారు?"

ఈ ప్రశ్న వస్తుందని దారిలోనే జవాబు సిద్ధం చేసుకున్నాను.

"దేన్నీ చూడలేదు సార్. ఊహించి పెట్టాను."

ఆయన ఒక క్షణం నన్ను చూసి, తల ఊపి, కానిస్టేబుల్‌ని పిలిచాడు. సోదా అక్కర్లేదన్నాడు. ఇంటిపెద్ద వచ్చి సంతకం పెడితే అబ్బాయిని పంపిస్తామన్నాడు. తమ్ముడు నా చెయ్యి పట్టుకుని ఏడ్చేశాడు. నాకూ ఏడుపొచ్చింది కానీ ఆపుకున్నాను. ఇంటికి వెళ్లగానే ఆ తుపాకీని ముక్కలు చేయించైనా సరే వదిలించుకోవాలని, నాన్న ఎంత గోలపెట్టినా వినకూడదని గట్టిగా అనుకున్నాను.

నాన్నను జీపులో తీసుకొచ్చారు. గడప దగ్గర చెప్పులు వదలబోయి, ఇది ఇల్లు కాదని గుర్తొచ్చి, మళ్లీ తొడుక్కున్నాడు. నేను కళ్లతోనే గోడు వెళ్లబోసుకున్నాను: అంతా సర్దుకుంది, సంతకం పెట్టు, నోరు విప్పకు. మసక కళ్లకు నా కళ్లేం కనబడతాయి?

"రండి గార్డుగారూ, కూర్చోండి. మీ అబ్బాయిని పంపించేస్తున్నాం. మీ అమ్మాయి పనితనం చూశారా ఎప్పుడైనా?"

ఆ మాటంటూనే ఇన్‌స్పెక్టర్ లాప్‌టాప్‌ని నాన్న వైపు తిప్పాడు. మూయకపోవడం నా తెలివితక్కువ. గులాబీ రంగు ఎప్పుడో తీసేశాను. తెర మీద నల్లటి రివాల్వర్ నెమ్మదిగా తిరుగుతోంది.

నాన్న అద్దాలు సవరించుకుని తెర దగ్గరకు వంగాడు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు. ఆయన మొహంలో అలాంటి వెలుగు నేను ఎన్నడూ చూడలేదు. స్కూల్లో బహుమతి తెచ్చినప్పుడు చూడలేదు, మొదటి జీతం చేతిలో పెట్టినప్పుడూ చూడలేదు. దానికోసం ఇన్నేళ్లు కాచుకున్నాను. ఇప్పుడు మాత్రం నాన్నా, నీకు దణ్ణం పెడతాను, బాగుందని అనకు అని లోలోపల ప్రాధేయపడుతున్నాను.

నాన్న వెనక్కి వాలాడు.

"ఏదో పిల్లల ఆట వస్తువులా ఉందండీ," అన్నాడు నిర్లక్ష్యంగా.

పోయిన ప్రాణం తిరిగొచ్చింది. నాన్న అంత బాగా నటించగలడని నాకు తెలియదు.

"నాకూ అదే అనిపించింది," అన్నాడు ఇన్‌స్పెక్టర్ కాగితం మీద ముద్ర కొడుతూ. "తళతళలు బాగానే ఉన్నాయి గానీ, పని తెలిసిన చెయ్యి కాదు. పిడి చూడండి. బొటనవేలు అంత కిందకి ఎందుకొస్తుంది? తుపాకీ ఎప్పుడూ పట్టుకోని మనిషి ఊహించి పెట్టింది. తప్పుల తడక. ఇలాంటి వాళ్లకి జీతాలిచ్చే వాళ్లననాలి."

సంతకం పెట్టబోతున్న నాన్న కలం ఆగింది.

"తప్పెందుకవుతుంది?"

"నాన్నా, సంతకం పెట్టు," అన్నాను.

"ఉండవే. తప్పని ఎలా అంటారండీ? అందరి వేళ్లూ ఒకలా ఉంటాయా? దుకాణం షట్టరు కింద పడి వేలు చితికినవాడికి బొటనవేలు పైకి లేవదు. అక్కడికే వస్తుంది, సరిగ్గా అక్కడికే. మా అమ్మాయి ఊహించి పెట్టలేదు. ఉన్నదున్నట్టు దించింది. ఒక్క పిసరు తేడా ఉందేమో చూపించండి!"

మాటతోపాటు కుడిచెయ్యి కూడా గాల్లోకి లేచి, పిడి పట్టుకున్నట్టు ముడుచుకుంది. వంకర బొటనవేలు దానంతటదే కిందకి వచ్చి ఆగింది. ఇన్‌స్పెక్టర్ ఆ వేలు వంక చూశాడు, తర్వాత తెర వంక చూశాడు. ఆయన మొహంలో గెలిచానన్న సంతోషమేమీ లేదు. పైగా ఏదో బాధలాంటిదే కనబడింది.

"బస్సులో పోయిందన్నారు కదండీ, అప్పట్లో," అన్నాడు.

నాన్నకు అప్పుడు తెలిసింది తనేం చేశాడో. చెయ్యి మెల్లగా దించి ఒళ్లో పెట్టుకున్నాడు. నాకు ఆయన్ని పట్టుకుని కుదిపెయ్యాలనిపించింది. ఆయన కాళ్ల మీద పడాలనీ అనిపించింది. జీవితంలో మొదటిసారి నా తరఫున వాదించాడు, అదీ ఇక్కడ.

"అబ్బాయిని పంపించెయ్యండి," అన్నాడు నాన్న. "వాడికేం తెలీదు. ఎక్కడుందో నేనే చూపిస్తాను. అమ్మాయికి కూడా తెలీదు."

"అమ్మాయికి తెలీదంటే ఎలా పెద్దాయనా? ఊహించానని నాకు అబద్ధం చెప్పిందిగా," అని ఇన్‌స్పెక్టర్ లాప్‌టాప్ మూసి బీరువాలో పెట్టి తాళం వేశాడు. "మీరూ కూర్చోండమ్మా. అందరం కలిసే వెళ్దాం."

తమ్ముణ్ణి బయటకు పంపేశారు. వాడు వాకిట్లో నిలబడి కిటికీలోంచి లోపలికి చూడాలని ప్రయత్నించాడు గానీ, బీరువా అడ్డం. వాడు లేచిన బెంచీ మీద నన్నూ నాన్ననూ కూర్చోబెట్టారు. జీపు వేరే పని మీద వెళ్లింది, వచ్చేదాకా ఆగమన్నారు. నాన్న క్షమించమంటాడేమో, లేదా ఎందుకు తీశావని తిడతాడేమో అనుకున్నాను. ఆయన కొంచెం నా వైపు జరిగి, గుమ్మంలో ఉన్న కానిస్టేబుల్‌కి వినబడకుండా అడిగాడు.

"అచ్చం నాదేనే. ఎలా చేశావే?"

నేను చెప్పడం మొదలుపెట్టాను. చెక్క ఎలా చేస్తారో, ఇనుము మీద వెలుతురు ఎలా పడుతుందో, వేలి పల్లం దగ్గర ఎన్ని రాత్రులు పట్టిందో చెప్పాను. నాన్న మధ్యమధ్యలో "ఆహా" అంటూ విన్నాడు. జీపు వచ్చి, మమ్మల్ని లేవమనేదాకా చెబుతూనే ఉన్నాను.