ఖాలీ కేక

ఆ శుక్రవారం పొద్దున ఆకాశం ఎటూ తేల్చుకోలేకుండా ఉంది. వసై ఖాడీ ఉప్పునీళ్ళ మీదినుంచి లేచిన మబ్బు నార్పోలి పొగగొట్టాల దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. కురవదు, పోదు. తూర్పున చిన్న చీలిక పడి, అందులోంచి తడిసిన పిండి రంగు వెలుతురు కారుతోంది. పెంటవ్వ గోనెసంచి నెత్తిన కప్పుకుని, చీపురు చంకన పెట్టుకుని గూడ్సు షెడ్డు వైపు నడుస్తూ ఒకసారి తల ఎత్తి చూసింది.

"కురవాలంటే నీకు గూడ సేటు చెప్పాల్నా ఏంది" అంది మబ్బుతో.

ముంబై పక్కనున్న భివండిలో శుక్రవారం మరమగ్గాలకు సెలవు. ఆ పూట కరెంటు ఉండదు. మిగతా రోజుల్లో ఒకరి మాట ఒకరికి వినపడాలంటే చెవిలో నోరు పెట్టాల్సిన గల్లీలు ఆ రోజు నోరు కట్టేసినట్టు ఉంటాయి. గూడ్సు షెడ్డుకు మాత్రం సెలవు లేదు. బండి ఎప్పుడొస్తే అప్పుడే పని.

బండి వచ్చి ఉంది. పాత నాలుగు చక్రాల డబ్బాలు. ఎండకూ వానకూ ఇటుక రంగు మసిబారింది. అంచులు తుప్పు తిన్నాయి. తలుపుల మీద ఏ ఊరి స్టేషన్లోనో గీసిన సుద్ద గీతలు సగం చెరిగి ఉన్నాయి. కరీంనగర్ పక్క పల్లెనుంచి కాపురానికి వచ్చింది మొదలు పెంటవ్వ ఈ డబ్బాలనే ఊడుస్తోంది. ఆమె లెక్కలో ఇవి పశువుల్లాంటివి, దేని గుణం దానిది. ఉప్పు మోసిన డబ్బా నడి ఎండాకాలంలో కూడా చెమరుస్తుంది. బెల్లం మోసిన దాని మూలల్లో చీమలు కాపురం పెట్టి, ఎవరూ టికెట్టు అడగకుండా దేశమంతా తిరిగి వస్తాయి. కోయంబత్తూరు నూలు బేళ్ళు దింపిన డబ్బాలో ఊడవడానికి దూది పోగులు తప్ప ఏమీ ఉండదు. పడుగుకు పెట్టే గంజిపిండి బస్తాల డబ్బాలోకి పోయిన ఆడమనిషి బయటికి వచ్చేటప్పుడు కన్నతల్లి కూడా గుర్తుపట్టదు. బియ్యం డబ్బా వచ్చిన రోజు మాత్రం ఊడ్చేవాళ్ళ ఇళ్ళలో పొయ్యి తొందరగా రాజుకుంటుంది.

ఆ ఊడ్పుకు ఒక కట్టుబాటు ఉంది. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. వెనకట ఎవరో హమాలీ బస్తాల చాటున నిద్రపోతే, చూసుకోకుండా తలుపు మూసి బండిని పంపేశారట. ఎక్కడో గుజరాతులో తలుపు తీసేసరికి అతనిలో ప్రాణం లేదట. అప్పటినుంచి ఆఖరి బస్తా దిగాక హమాలీల పెద్ద, ముకద్దం, తానే డబ్బా ఎక్కి నాలుగు మూలలూ చూడాలి. చూసి, దిగి, గోడ మీద అరచేత్తో కొట్టి మూడుసార్లు "ఖాలీ" అని కేక వేయాలి. లోపల మనిషి లేడు, మనిషి సొమ్మూ లేదు అని ఆ కేకకు అర్థం. కేక పడకముందు ఊడ్చే ఆడవాళ్ళు డబ్బాలో కాలు పెట్టకూడదు. బస్తా చినిగి బియ్యం ధారగా కారుతున్నా చెయ్యి చాపకూడదు. కేక పడ్డాక మాత్రం నేల మీద ఏది ఉంటే అది వాళ్ళది. అడిగేవాడు లేడు.

వినాయకుణ్ణి నీళ్ళలో కలిపిన మరునాడే, షెడ్డు పని గుత్తకు తీసుకున్న కొత్త ఠేకేదారు సేటు వచ్చాడు. ఊడ్పు గింజల్ని కోళ్ళ దాణాకు అమ్ముకోవచ్చని అతనికి ఎవరో చెప్పారు. ఆడవాళ్ళు డబ్బా ఎక్కొద్దు, ముకద్దం కేక వెయ్యొద్దు, బస్తాలు దిగగానే తాళం వెయ్యాలి అన్నాడు.

ఆ ముకద్దం ఎవరో కాదు, పెంటవ్వ మొగుడు ఓదెలు.

ఆ రోజు ఓదెలు కేక వేయలేదు. మరుసటి బండికీ వేయలేదు. "నేను అడిగిన" అన్నాడు ఇంటికి వచ్చి, గోడ చూస్తూ.

"ఏమన్నరు?"

"కేక ఏస్తె బిల్ల గుంజుకుంటం అన్నరు."

ముకద్దం జబ్బకు కట్టుకునే ఇత్తడి బిల్ల అది. మెడ వెనక బస్తాల బరువుకు కండ గట్టిపడి గూను తేలాక గాని ఓదెలు చేతికి రాలేదు. పెంటవ్వ ఒక్క మాట అనలేదు. ఆ పూటనుంచి అతనికి వడ్డించి, తన గిన్నె తీసుకుని గడప అవతల కూర్చుని గల్లీ వైపు తిరిగి తింటోంది. కాపురానికి వచ్చిన నాటినుంచి ఎదురెదురుగా కూర్చుని తిన్న మనుషులు. అతను రెండోసారి అన్నం అడగడం మానేశాడు. ఆమె పెట్టడమూ మానేసింది.

షెడ్డు చివర ఎల్లమ్మ, సుశీలాబాయి అప్పటికే వచ్చి కూర్చున్నారు. ఊడ్చేవాళ్ళలో ఎల్లమ్మ అందరికన్నా పెద్దది. సుశీలాబాయి మరాఠీ మనిషి, వీళ్ళతో ఏళ్ళ తరబడి తిరిగి తెలుగును తనకు అనువుగా మలుచుకుంది.

"ఎందుకొచ్చినవే పెంటా" అంది ఎల్లమ్మ. "ఏసేది తాళమే గద. తాళం చూసి పోదామనా?"

"నువ్వెందుకొచ్చినవ్?"

"కాళ్ళు మరిగినయి. గివి నా మాట ఇనవు."

"ఇంక ఈ డబ్బాలు రావు బాయ్" అంది సుశీలాబాయి. "పాయింట్‌మన్ చెప్పిండు. వచ్చే వానలకు అన్ని భంగార్, తుక్కు. లోఖండ్ డబ్బాలు వస్తయి, ఇనుపయి, మోఠీ మోఠీ, గింత పెద్దయి. బండి మొత్తం ఒక్కటే మాల్. మన కాడ ఆగేదే లేదంట."

"ఆగకుంటె ఆగకపాయె. ఇయ్యాల ఆగింది గద. ఖాలీ అనకుంటనే తోలుతరా దీన్ని?"

"అన్నరో లేదో డబ్బాకేం తెలుస్తదే?" అంది ఎల్లమ్మ.

"నాకు తెలుస్తది."

నడిమి డబ్బాలోంచి బియ్యం దిగుతోంది. హమాలీలు కొక్కెం తగిలించి, వీపు వంచి, ఒకరి వెనక ఒకరు పోతున్నారు. సగం డబ్బా ఖాళీ అయ్యేసరికి అంకుశం వచ్చాడు. ఠేకేదారు దగ్గర సూపర్‌వైజరు. ఇక్కడే కనేరి పేటలో పుట్టి మరాఠీ బడిలో చదివిన తెలుగు పిల్లవాడు. ఒక చేతిలో ప్లాస్టిక్ కుర్చీ, ఇంకో చేతిలో టిఫిన్ డబ్బా, చంకన గొడుగు, వేలికి తాళం. అన్నింటినీ లోపలికి ఎక్కించి, తానూ ఎక్కి, డబ్బా నడుమ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తాళాన్ని, గొడుగును కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. కిందటి బండికి ఎవరో తాళం వేసేలోపే పిడికెడు గింజలు ఎత్తారని సేటుకు అనుమానం. తాళం పడేదాకా లోపలే కూర్చోమని పంపాడు.

పెంటవ్వ లేచి వచ్చి ఆ తలుపు ముందు నిలబడింది. మిగతా ఇద్దరూ వెనకే వచ్చారు.

"గిదేందిరా అంకుశం, పెండ్లికొడుకు లెక్క కూసున్నవ్" అంది ఎల్లమ్మ.

"డ్యూటీ అవ్వా. ఆర్డర్ ఉంది, నేన్ కాయ్ కరూ, ఏం జెయ్యాలె?"

"బియ్యానికి కావలున్నవా, కుర్చీకి కావలున్నవా?"

"రెండిటికి" అని నవ్వాడు అంకుశం. "పో అత్తా, మీరు గూడ పోండి. తాళం ఏసేదాంక నేను లేవ."

"కూసో బిడ్డా" అంది పెంటవ్వ. "మేము గూడ పోము."

ఆఖరి బస్తా దిగింది. ఓదెలు తువ్వాలతో మొహం తుడుచుకుని, ఎప్పటిలాగే తల వంచి పక్క డబ్బా వైపు తిరిగాడు. పెంటవ్వ అతని మొహం చూడలేదు, కాళ్ళు చూసింది.

"చూసి పో" అంది. అన్ని రోజుల తరువాత ఆమె అతనితో మాట్లాడిన మొదటి మాట అది. "కేక ఏయొద్దన్నరు. చూడొద్దని గూడ అన్నరా? ఇన్ని బండ్లు పోయినయి. లోపల ఎవడన్న పడి ఉన్నడో లేడో ఒక్కనాడన్న చూసినవా?"

హమాలీలు ఎక్కడివాళ్ళక్కడ ఆగారు. ఓదెలు కాళ్ళు కూడా ఆగాయి. అతను చాలాసేపు కంకర రాళ్ళను చూశాడు. తరువాత తలుపు పట్టుకుని పైకి ఎక్కాడు.

తొందర పడలేదు. ఒక మూల చూశాడు. ఇంకో మూల చూశాడు. పలకల సందుల్లో ఇరుక్కున్న గింజల్ని బొటనవేలితో రాసి చూశాడు. కుర్చీ చుట్టూ తిరిగి అవతలి గోడ చూశాడు. అంకుశం మీదుగా అతని చూపు, కిటికీలోంచి పోయినట్టు పోయింది.

"ఏంది మామా?" అన్నాడు అంకుశం.

ఓదెలు దిగాడు. అరచెయ్యి ధోతికి తుడుచుకున్నాడు. గోడ మీద కొట్టాడు. ఖాళీ డబ్బా డోలులా మోగింది.

"ఖాలీ."

మొదటి కేక గొంతులో తడబడింది. రెండోది షెడ్డు దాటింది. మగ్గాలు ఆగిన ఊరిలో మూడో కేక ఎంత దూరం పోయిందో, పట్టాలకు అవతల బట్టలు ఆరేస్తున్న ఆడవాళ్ళు తలలు తిప్పి చూశారు.

"మామా, లోపల నేనున్న గద" అన్నాడు అంకుశం.

"నాలుగు మూలలు చూసిన" అన్నాడు ఓదెలు. "మనిషి కానరాలె."

ముందు ఎల్లమ్మ ఎక్కింది. ఆమె వయసుకు అంత ఎత్తు ఎక్కడం కష్టం. కింది హమాలీ ఒకడు వీపు వంచితే దాని మీద కాలు పెట్టి ఎక్కింది. తరువాత సుశీలాబాయి, పెంటవ్వ. చీపుర్లు మూలలనుంచి మొదలయ్యాయి. పెంటవ్వ రొండిన దోపిన ఇనుప పుల్ల తీసింది. విరిగిన మగ్గం పన్నెలోంచి, పడుగు పోగులు దూర్చే దువ్వెనలోంచి, పీకిన సన్నని పుల్ల అది. దానితో పలకల సందుల్ని గీకుతుంటే బియ్యంతో పాటు ఎప్పటెప్పటివో బయటపడ్డాయి. పాత గోధుమలు, పప్పు బద్దలు, ఎక్కడిదో ఎర్రమట్టి.

"కాలెత్తు బిడ్డా" అంది పెంటవ్వ.

అంకుశం కాలెత్తాడు. చీపురు కిందినుంచి పోయింది. దాంతో పాటు గొడుగు పోయింది. సుశీలాబాయి తాళాన్ని ఎత్తి, చెవితో సహా కొంగున ముడేసుకుంది.

"ఏయ్, తాళం..."

"నేల మీద ఉండె" అంది సుశీలాబాయి.

ఎల్లమ్మ వచ్చి కుర్చీ ముందు నిలబడింది. "లే. కుర్చీ నాది."

"అవ్వా, మజాక్ చెయ్యకు."

"మజాక్ ఏంది? కేక పడ్డది. నేల మీద ఉన్నదంత మాదే. లెక్కకు నువ్వు గూడ మాదే, గని నిన్ను తీస్కపోయి ఏం చేసుకుంటం?"

అప్పుడు హమాలీలు నవ్వారు. అన్నాళ్ళూ మూసుకున్న నోళ్ళు ఒక్కసారే తెరుచుకున్నట్టు నవ్వారు. అంకుశం లేచాడు. పెంటవ్వ కింద ఉన్న టిఫిన్ డబ్బాను తీసి అతని చేతిలో పెట్టింది.

"ఒకల బువ్వ మేము ముట్టము" అంది. "గది మీ సేటు అలవాటు."

అంకుశం డబ్బా దిగి మొహం ఎర్రగా చేసుకుని నిలబడ్డాడు. "మామా, సేటుకేం చెప్పాలె? రేపు నీ బిల్ల ఉంటదా?"

ఓదెలు జబ్బకు ఉన్న పట్టీ విప్పాడు. ఏళ్ళుగా అక్కడ ఉండి ఉండి, కింద చర్మం తెల్లగా పాలిపోయి ఉంది. బిల్లను డబ్బాలోకి విసిరాడు. అది పలకల మీద దొర్లి బియ్యం కుప్ప దగ్గర పడింది.

"గది గూడ నేల మీదనే ఉంది" అన్నాడు.

పెంటవ్వ చీపురు ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది. బిల్లనూ బియ్యాన్నీ కలిపి కుప్పలోకి తోసింది.

ఓదెలు పక్క డబ్బాకు పోయాడు. ఆఖరి బస్తా దిగాక ఎక్కాడు, చూశాడు, దిగాడు, గోడ మీద కొట్టాడు. ఆ తరువాత దానికి, దాని తరువాత దానికి. బిల్ల లేని చేతితో. ప్రతి కేక వెనకా చీపుర్లు ఎక్కాయి. ఇంజను వచ్చి డబ్బాల్ని లాక్కుపోయేటప్పుడు ఒక్క తలుపుకూ ఠేకేదారు తాళం లేదు. పెంటవ్వ గోనె మూట మీద చెయ్యి వేసి, ఆఖరి డబ్బా మలుపు తిరిగేదాకా చూసింది.

మధ్యాహ్నం నార్పోలిలో పెంటవ్వ వాళ్ళ గది ముందు ఎల్లమ్మ ప్లాస్టిక్ కుర్చీలో, సుశీలాబాయి ఆమె పక్కన నేల మీద కూర్చున్నారు. పెంటవ్వ చాటలో చెరుగుతుంటే రాళ్ళు ఒక పక్కకు, పొట్టు ఒక పక్కకు చేరాయి. బిల్ల టంగుమని చాట అంచుకు తగిలింది. ఆమె దాన్ని బియ్యం కడిగిన నీళ్ళలోనే కడిగింది. గూట్లో పెట్టలేదు, దాచలేదు. ఓదెలు కంచం పెట్టే చోట పక్కన నేల మీద పెట్టింది. బియ్యం, గోధుమలు, పప్పు, అన్నీ ఒక్క గిన్నెలోనే ఉడికాయి. ఊడ్చేవాళ్ళ ఇళ్ళలో దాన్ని డబ్బా బువ్వ అంటారు.

వడ్డించబోయే వేళకు అంకుశం వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"తాళం ఏదన్నడు సేటు" అన్నాడు.

"ఏం చెప్పినవ్?"

"ముకద్దం కేక ఏసిండు, ఊడ్చేటోల్లు ఊడ్చుకుంటె పోయింది అన్న. ఇంకో ముకద్దాన్ని చూస్త అన్నడు. హమాలీలు ఎవ్వలు గూడ బిల్ల కట్టుకోము అన్నరు."

ఓదెలు తల ఎత్తలేదు. సుశీలాబాయి కొంగు ముడి మీద చెయ్యి వేసుకుంది.

"తాళం ఇయ్యము" అంది పెంటవ్వ. "కుర్చీ గూడ ఇయ్యము. కూసో. తిని పో."

అతను ఎల్లమ్మ కూర్చున్న కుర్చీని చూశాడు. చెప్పులు విప్పి, నేల మీద కూర్చున్నాడు.

పెంటవ్వ అందరికీ వడ్డించింది. తన గిన్నె తీసుకుంది. గడప వైపు పోలేదు. ఓదెలు ఎదుట కూర్చుంది.

గల్లీలో మగ్గాల చప్పుడు లేదు. అంకుశం పంటికింద రాయి కరకరమంది. అతను దాన్ని తీసి కంచం అంచున పెట్టి, మళ్ళీ ముద్ద కలిపాడు. ఓదెలు కంచం ఖాళీ అయింది. పెంటవ్వ గరిటె తీసుకుని అడగకుండానే మళ్ళీ పెట్టింది. అతను తిన్నాడు.