బీడీకి మూడు పలుకులు

"ఆ పెట్టెలో మీ నాన్న గొంతు ఎన్నాళ్లుంటుందే యశూ? ఒకరోజు ఉన్నట్టుండి పోతుంది చూడు."

టిక్.

"విన్నావా! బల్లి కూడా ఔనంది," అంది వారిజ, ఒళ్లో బీడీల చేట సర్దుకుంటూ.

యశ్మిత తలెత్తలేదు. "నువ్వు ఏ కీడు పలికినా ఔననే బల్లి దొరికింది. మీ ఇద్దరికీ బాగా కుదిరింది."

వారిజ భర్త యక్షగాన మేళంలో భాగవతుడు. పోయి రెండేళ్లయింది. ఐదేళ్ల ఆటల్లో ఆయన పాడిందంతా కూతురి బల్ల మీది నల్ల హార్డ్ డిస్క్‌లోనే ఉంది. మరో ప్రతి లేదు. ఆ బెంగకు నెల రోజులుగా ఈ బల్లి తోడైంది.

ఆ మధ్యాహ్నం ఎందుకో వారిజకు అనుమానం వచ్చింది. తను నోరు మూసుకున్నా బల్లి పలుకుతూనే ఉంది. ఆకులో పొగాకు పోసి, చుట్టి, దారం బిగించేలోపు మూడుసార్లు. తరువాతి బీడీకీ మూడే. కట్ట నిండేదాకా ఆ వరస తప్పలేదు.

"లెక్క పెట్టుకుని పలికే బల్లి ఏ ఊళ్లో ఉందే?"

చీపురుతో గోడలన్నీ తట్టింది. బల్లి లేదు. చివరికి నల్ల పెట్టెకు చెవి ఆనించింది.

టిక్.

యశ్మిత కంప్యూటర్‌లో ఏదో తెరిచి చూసింది. ముఖం మాడింది.

"పని లేనప్పుడు తిరగడమెందుకు, పడుకోబెట్టమని నెల కిందట నువ్వే అన్నావుగా? ఎనిమిది సెకన్లు పెట్టాను. అంతసేపు పని లేకపోతే లోపల డిస్క్‌ను చదివే ముల్లు పక్కకెళ్లి టిక్‌మని ఒరుగుతుంది. ఈ కంప్యూటరేమో పది సెకన్లకోసారి దాన్ని లేపుతోంది."

"వేడెక్కి కాలిపోతుందేమోనని అన్నానే! బీడీ బీడీకీ చాప మీంచి లేచి కూర్చుంటే నా మోకాళ్లు మిగులుతాయా?"

"అదే మరి. ముల్లు అలా ఒరిగి లేవడానికి మూడు లక్షలసార్ల దాకే కంపెనీ పూచీ. ఇది రెండు లక్షల తొంభై మూడు వేలు దాటింది."

వారిజ చేతిలోంచి దారపు ఉండ జారి దొర్లిపోయింది.

"మూడు లక్షలకి చచ్చిపోతుందా?"

"పోవచ్చు, పోకపోవచ్చు. మంగళూరు నుంచి కొత్త డిస్క్ తెచ్చి అందులోకి ఎక్కించేదాకా ఇది బతకాలి." యశ్మిత ఎనిమిది సెకన్ల గడువును ఐదు నిమిషాలకు మార్చింది. "ఇప్పుడు ఆపి మళ్లీ పెట్టాలి. అప్పుడే మార్పు పడుతుంది."

"ఆపకే తల్లీ! ఆపితే మళ్లీ లేవకపోతే?"

యశ్మిత అప్పటికే వైరు పీకింది. పది లెక్కపెట్టి మళ్లీ గుచ్చింది. పెట్టె సన్నగా మూలిగి తిరగడం మొదలెట్టింది. ఆ తరువాత చప్పుడే లేదు.

వారిజ ఒక బీడీ చుట్టింది. టిక్ లేదు. రెండోది. లేదు. నెలంతా భయపెట్టిన చప్పుడు ఇప్పుడు వినబడకపోతే ఇంకా భయంగా ఉంది.

"యశూ, బతికే ఉందా?"

కూతురు తెర మీది అంకెనే చూస్తోంది. పాతిక బీడీల కట్ట నిండింది. చివరి ముడి బిగించి, కట్టను అలాగే చేతిలో పట్టుకుని కూర్చుంది.

అప్పుడు యశ్మిత కుర్చీలో వెనక్కి వాలింది.

"అంకె అక్కడే ఉందమ్మా. ఒక్కటి కూడా పెరగలేదు. ఇక నువ్వు కీడు పలికితే ఔననడానికి ఎవరూ లేరు."