అంకాలమ్మను కొట్టిన కర్ర

నేను ఒక చేతికర్రను. పొడవు మూడడుగులు, రంగు ఎరుపు, పుట్టింది శేషాచలం కొండల్లో. ముసలివాళ్ళను నిలబెట్టడానికి నన్ను చేశారు గానీ, నాతో మనుషులను పడగొట్టిన రోజులు కూడా ఉన్నాయి. కర్రదేముంది, పట్టుకున్న చెయ్యి ఎటు తిప్పితే అటు తిరుగుతుంది అని తప్పించుకోవచ్చు. నేను అలా తప్పించుకోను. తగిలింది నేనే. ఎముక విరిగిన చప్పుడు అందరికంటే ముందు విన్నదీ నేనే.

నా పుట్టుకే గొడవల్లో జరిగింది. నన్ను కన్న ఎర్రచందనం చెట్టును ఇద్దరు కూలీలు దొంగతనంగా నరుకుతుంటే, అదే దుంగల కోసం ఇంకో ముఠా వచ్చి మీద పడింది. రాళ్ళు లేచాయి, గొడ్డళ్ళు లేచాయి. ఒక కూలీ నా మీదే బోర్లా పడ్డాడు. అతని నెత్తురు నా రంగులో కలిసిపోయి ఎవరికీ కనిపించలేదు. అతని పేరేమిటో నాకు ఈనాటికీ తెలియదు. గెలిచినవాళ్ళు నన్ను ఉల్లిగడ్డల బస్తాల కింద దాచి సముద్రం దాటించారు. కాగితాల్లో నన్ను కూడా ఉల్లిగడ్డలే అని రాశారు.

దిగింది ఒక ఎడారి దేశం. దాని పేరు చెప్పను, ఉన్న కేసులు చాలు. అక్కడ ఒక వడ్రంగి నన్ను కోసి, చిత్రిక పట్టి, పిడికి వెండి కట్టు వేశాడు. బద్దర్ అనే ఆసామి నన్ను తన తల్లి నూరా కోసం కొన్నాడు. నూరాకు ఎనభై దాటాయి, మోకాళ్ళు పనిచేయవు, మనిషి మాత్రం భారీ. ఆమెకు ఆరుగురు పిల్లలు. ఆరుగురికీ తల్లంటే ప్రాణమని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పేవారు. ఆ ప్రాణానికి స్నానం చేయించడానికి మాత్రం సముద్రం అవతల నుంచి మనిషిని తెప్పించారు.

ఆ వచ్చిన మనిషే అంకాలమ్మ. ఊరు రాయచోటి దగ్గర, మా కొండల కిందిదే. ఆమె నోరు విప్పిన మొదటి రోజే నాకు తెలిసిపోయింది. కానీ ఆ ఇంట్లో ఎవరూ ఆమెను అంకాలమ్మ అనేవారు కాదు. పోలమ్మ అనేవారు. ఎందుకంటారా? ముప్పై ఏళ్ళు నిండని ఆడమనిషిని ఇంటిపనికి దేశం దాటనివ్వకూడదని ఒక నియమం ఉంది. ఆడవాళ్ళను కాపాడటానికట! అంకాలమ్మకు అప్పుడు ఇరవై నాలుగు. ఊరి ఏజెంటు ఈశ్వరయ్య, "మీ యక్క పోలమ్మ కాగితాల మీద పోమ్మా, ముఖాలు ఒగటే గదా" అన్నాడు. అక్క సరేనంది, మొగుడు గురవయ్య సంతకం పెట్టాడు. అలా అంకాలమ్మ ఊళ్ళోనే ఉండిపోయింది, పోలమ్మ విమానం ఎక్కింది. నాలుగేళ్ళ కూతురు స్వరూపకు ఈ తిరకాసులేవీ తెలియవు. అమ్మ పోయిందని మాత్రం తెలుసు.

రెండేళ్ళకు సెలవిస్తామన్నారు. రెండేళ్ళు ఏడేళ్ళయ్యాయి. నూరాను లేపడం, కడగడం, తినిపించడం, ఆమె ఒళ్ళు ఒరుసుకుపోకుండా గంటకోసారి పక్కకు తిప్పడం, అన్నీ అంకాలమ్మే. ముసలమ్మ ఒక పక్క నా మీద, ఇంకో పక్క అంకాలమ్మ భుజం మీద ఆనుకుని నడిచేది. బరువు ఎవరి మీద ఎక్కువ పడేదో నాకు తెలుసు. శుక్రవారం శుక్రవారం పది నిమిషాలు ఊరికి ఫోను చేసుకోనిచ్చేవారు, అదీ మాట వినిపించేదే. మనిషి కనిపించే ఫోన్లు ఆ ఇంట్లో పనివాళ్ళకు నిషేధం. మూడో ఏట ఆ ఫోనులోనే పోలమ్మ జ్వరంతో చనిపోయిందన్న కబురు వచ్చింది. బద్దర్ భార్య, "ఏడుస్తున్నావేం, ఎవరు పోయారు?" అని అడిగితే, ఏం చెప్పాలో తెలియక "తలనొప్పి" అంది పిచ్చి తల్లి. అప్పుడు నాకు గుండె ఉంటే పగిలేది.

ఒకసారి ధైర్యం చేసి, సెలవివ్వకపోతే బిడ్డనైనా నెల రోజులకు పిలిపించండి అని బద్దర్‌ను అడిగింది. ఇంటిపని వీసా మీద వచ్చినవాళ్ళు బిడ్డల్ని తెచ్చుకోవడానికి చట్టం ఒప్పుకోదని అతను నవ్వాడు. చూశారా ఈ మనుషుల న్యాయం? ఒక తల్లిని కనిపెట్టుకుని ఉండటానికి ఇంకో తల్లిని బిడ్డ దగ్గర నుంచి లాక్కొస్తారు. ఆ బిడ్డ పేరెత్తితే మాత్రం చట్టం గుర్తొస్తుంది! నాకు ఒళ్ళు మండింది. అంకాలమ్మ ఊరుకోలేదు. "అయితే నన్ను పంపీయండి, నా పాసుపోర్టు ఇయ్యండి" అని రోజూ అడగడం మొదలుపెట్టింది. దాంతో శుక్రవారం ఫోను కూడా లాగేసుకున్నారు.

ఫోను పోయి ఏడాది కావస్తుండగా అది జరిగింది. ఆ పొద్దున స్నానాల గదిలో నూరా కాలు జారింది. అంకాలమ్మ తన ఒళ్ళు అడ్డం వేసింది, ముసలమ్మ ఆమె మీద పడింది. ముసలమ్మకు చిన్న గీత కూడా పడలేదు. చప్పుడుకి పరిగెత్తుకొచ్చిన బద్దర్‌కు నేల మీదున్న తల్లి ఒక్కతే కనిపించింది. గోడకు ఆనించిన నన్ను తీసుకున్నాడు.

మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోదానికి ఆమె ఎడమ చెయ్యి అడ్డం పెట్టింది. ముంజేతి ఎముక నా కిందే విరిగింది. "యమ్మా!" అని ఒక్క అరుపు అరిచింది. అతను ఆగలేదు. మోకాలి మీద, నడుం మీద, ముడుచుకుపోతే వీపు మీద, ముఖం తిప్పితే ముఖం మీద కొట్టాడు. తడి నేల మీద నెత్తురు పలచగా పారింది. చందనం గట్టి కొయ్య, విరగదు. విరిగిపోతే బాగుండునని ఆ రోజు ఎంత కోరుకున్నానో!

అప్పుడు నూరా పాకుతూ వచ్చి నా కొస పట్టుకుంది. నన్ను గుంజుకుని, కూర్చున్నచోటి నుంచే కొడుకు కాళ్ళ మీద ఎడాపెడా నాలుగు వాయించింది. వాడు చిందులు తొక్కుకుంటూ బయటికి పోయి, ఇద్దరినీ ముసలమ్మ గదిలోనే ఉంచి తాళం వేశాడు. డాక్టరు లేడు, మందు లేదు. నూరా తన తలగుడ్డ చింపి, భోజనం పళ్ళెంలో వచ్చిన గరిటెలు అటూ ఇటూ పెట్టి ఆ చేతికి కట్టు కట్టింది. తొమ్మిదో రోజు మధ్యాహ్నం, ఇంటిల్లిపాదీ తిని పడుకున్న వేళ, ముసలమ్మ తన దిండు కింద నుంచి ఆ గదికున్న రెండో తాళంచెవి తీసింది. నన్ను అంకాలమ్మ చేతిలో పెట్టి, వాళ్ళ భాషలో ఒకే మాట అంది. "వెళ్ళు" అని. కర్ర లేకుండా తను మంచం కూడా దిగలేదు. ఆ సంగతి తెలిసే ఇచ్చింది.

ఇక్కడే అంకాలమ్మ పొరపాటు చేసింది. మన ఊళ్ళ వాళ్ళు మాత్రమే చేసే పొరపాటు అది. పరాయి దేశంలో కష్టమొస్తే ముందు సొంత ఊరివాడి దగ్గరికి పోవడం. ఏజెంటు ఈశ్వరయ్య ఇప్పుడు అదే నగరంలో ఆఫీసు పెట్టుకుని ఉన్నాడు. మండుటెండలో నా మీద ఆనుకుని కుంటుకుంటూ అక్కడికి పోయింది. అతను కుర్చీ వేశాడు, నీళ్ళిచ్చాడు.

"ఈశ్వరన్నా, నన్ను ఊరికి పంపియ్యన్నా. సరూపను చూడాల. ఈ చెయ్యి చూడన్నా ఎట్లయిందో."

"చూస్తాండా లేమ్మా," అంటూ లేచి తలుపు గడియ పెట్టాడు. బద్దర్ అప్పటికే ఫోను చేసి ఉన్నాడు. "నువ్వు పారిపోతే నా ఆఫీసు మూతబడ్తాది, తెల్సా? నీ తర్వాత ఇరవై మందిని పంపీల్ల నేను. మర్యాదగా ఆ యింటికే పో."

"పోనన్నా. సంపినా పోను."

నన్ను ఆమె చేతిలోంచి లాక్కున్నాడు. తెలుగులో తిడుతూ కొట్టాడు. బద్దర్ తిట్లు ఆమెకు సగమే అర్థమయ్యేవి, ఇవి అక్షరం అక్షరం అర్థమయ్యాయి. విరిగిన చేతి మీదే మళ్ళీ కొట్టాడు. కట్టు ఊడి గరిటెలు ఎగిరిపడ్డాయి. నాలుగో దెబ్బకు ఆమె కుడిచేత్తో నన్ను పట్టుకుంది. ఏడేళ్ళు ముసలమ్మ బరువు మోసిన చెయ్యి అది. ఒక్క గుంజు గుంజింది. అతను తేరుకునేలోపు మోకాలి చిప్ప మీద కొట్టింది. అతను కూలబడ్డాక ఇంకొకటి చెవి మీద వేసింది. "అన్నా అంటి గదరా నిన్ను!" అని ఏడుస్తూ కొట్టింది. సంతోషపడ్డాను. దాచడమెందుకు?

గడియ తీసుకుని రోడ్డున పడి, కనబడినవాళ్ళనల్లా దారి అడిగి, చివరికి మనవాళ్ళు నడిపే ఒక సహాయ కేంద్రం చేరింది. బల్ల వెనక జయరామ్ అనే తెలుగాయన కూర్చుని ఉన్నాడు.

"పేరేంటమ్మా?"

ఏడేళ్ళ తర్వాత మొదటిసారి ఆమె తన పేరు చెప్పింది. జయరామ్ ఉలిక్కిపడి సొరుగులోంచి ఒక ఫైలు తీశాడు. 'నా భార్య అంకాలమ్మ ఫోను ఆగిపోయింది, వెతికి పంపండి' అని, అక్క కాగితాల సంగతి దాచిపెట్టి, గురవయ్య పెట్టుకున్న అర్జీ అది. దాని మీద, 'ఈ పేరుతో ఎవరూ ఈ దేశానికి రాలేదు' అని రాసి పక్కన పెట్టి పదకొండు నెలలైంది.

"నేనే సార్ అంకాలమ్మను," అంటూ జరిగిందంతా చెప్పింది.

"కాగితాల్లో నువ్వు పోలమ్మవి. ఆ పోలమ్మ చనిపోయినట్టు ఊళ్ళో రికార్డుంది. పైగా ఇక్కడ పోలమ్మ మీద దొంగతనం కేసు పెట్టారని ఇందాకే పోలీసులు ఫోను చేశారు, వెండి కట్టు కర్ర ఎత్తుకుపోయిందని," అంటూ నా వంక చూశాడు. "ఇంటివాళ్ళెవరైనా గుర్తుపడితే నిన్ను అంకాలమ్మగా రాసుకుని మా దగ్గరే ఉంచుకుంటాం. లేదంటే సాయంత్రం పోలీసులొస్తారు, నిన్ను ఆ ఇంటికే అప్పగిస్తారు. మీ ఆయన మాట చెల్లదమ్మా, దొంగ కాగితాలకు సంతకం పెట్టింది ఆయనే. పిల్లను అడుగుతాం. నువ్వు మాత్రం నోరు మెదపకూడదు. నేర్పించి చెప్పించావంటారు."

రాయచోటికి మనిషి కనిపించే ఫోను కలిపారు. అటు మస్తాన్‌బీ ఉంది. ఆమె కూడా పదేళ్ళు ఇలాగే పనిచేసి తిరిగొచ్చి, ఇలా వెళ్ళిన ఆడవాళ్ళ కోసం సంఘం పెట్టిన మనిషి. ఆ అర్జీ పట్టుకుని పదకొండు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగింది ఆమే. పక్కన పదకొండేళ్ళ స్వరూప ఉంది. తెర మీద కూతురు కనిపించగానే అంకాలమ్మ నా పిడిని ఎంత గట్టిగా పట్టుకుందంటే, వెండి కట్టు వంగింది.

"పాపా, ఈమె ఎవరు?" జయరామ్ అడిగాడు.

పిల్ల చాలాసేపు చూసింది. ఒక కన్ను మూసుకుపోయిన ముఖం, చీలిన పెదవి, అతుక్కుపోయిన జుట్టు.

"తెలీదు సార్. ఈయమ్మ ఎవురో నేను చూల్యా."

జయరామ్ కలం మూత తీశాడు. "సార్, ఆగండి సార్!" మస్తాన్‌బీ కేక వేసింది. "నాలుగేండ్లప్పుడు చూసిన తల్లిని, అదీ కొట్టి కొట్టి ముఖం మార్చేసినాక, బిడ్డ ఎట్ల పోలుస్తాది? పరీక్ష పెట్టాల్సింది బిడ్డకా సార్? ఏడేండ్లు తల్లిని బిడ్డకు చూపీని వాడికి పెట్టండి!"

"నియమం అదమ్మా, నేనేం చేయను?" అని ఆయన రాయబోయాడు.

అంకాలమ్మ అప్పటిదాకా పళ్ళు బిగబట్టుకుని ఉంది. కూతురినే కళ్ళార్పకుండా చూస్తూ ఉన్నట్టుండి గయ్యిమంది. "ఏమే, కమ్మలేవి మే చెవులకు? బోసిగ పెట్టుకోవద్దు, బొక్కలు పూడిపోతాయని ఎన్నితూర్లు చెప్పినా? కమ్మలు ల్యాకుంటే యాపపుల్లన్నా గుచ్చుకోవచ్చు గదా! నా మాటంటే లెక్కే ల్యాదు నీకు!"

పిల్ల చేతులు రెండూ గబుక్కున చెవుల మీదికి పోయాయి. "మాయమ్మ! సార్, మాయమ్మే! మాయమ్మే సార్!" అని ఫోను మీద పడి ఏడ్చింది. శుక్రవారం శుక్రవారం ఫోనులో విన్న ఆ గొంతే ఆ పిల్లకు తెలిసిన తల్లి. అంకాలమ్మ నన్ను కింద పడేసి తెరను రెండు చేతులా పట్టుకుంది. విరిగిన చెయ్యి కూడా లేచింది. "తిట్టడం నేర్పించడం కిందికి రాదు," అంటూ జయరామ్ ఫైలు మీద పాత రాత కొట్టేసి, 'అంకాలమ్మ ఉన్నది' అని రాశాడు.

రెండు నెలలకు ఆమె తన సొంత పేరుతో ఇంటికి వెళ్ళింది. నన్ను తీసుకెళ్ళనివ్వలేదు. బద్దర్ మీద, ఈశ్వరయ్య మీద పెట్టిన కేసులో నేను సాక్ష్యాన్నట. ఇప్పుడు కేంద్రంలోని ఇనుప బీరువాలో ఉన్నాను. నాకు కట్టిన చీటీ మీద ఆమె పేరుంది. పక్కన ఒక ఇస్త్రీపెట్టె, ఒక కరెంటు వైరు, మడమ విరిగిన ఒక చెప్పు ఉన్నాయి. ఒక్కోదానికీ ఒక్కో ఆడమనిషి పేరు కట్టారు. మేం మాట్లాడుకోం. చేసిన పనులు చెప్పుకోవాలంటే సిగ్గేస్తుంది.

మొన్న పొద్దున జయరామ్ బీరువా తెరిచి, నా చీటీ సరిచూసుకుంటూ రాయచోటికి ఫోను చేశాడు. కోర్టువాళ్ళు అంకాలమ్మ వాంగ్మూలం ఫోనులో తీసుకుంటామన్నారు, ఆ రోజే. స్వరూప ఎత్తింది.

"అమ్మను పిలువు పాపా."

"మాయమ్మ పండుకోనుంది సార్."

"లేపమ్మా, కోర్టు పని. చాలా ముఖ్యం."

"లేపను సార్. ఏడేండ్లు సరిగ్గ నిద్దర పోల్యాదంట ఆడ. నా మీద చెయ్యేసి పండుకోనుంది, నేను కదిల్తే లేస్తాది." ఆ పిల్ల గుసగుసగా మాట్లాడుతోంది. "రేప్పొద్దున చేయండి."

ఫోను పెట్టేసింది. జయరామ్ కోర్టు కాగితం మీద ఆ రోజు తారీఖు కొట్టేసి, రేపటిది వేశాడు.