రాజీకి దొరకని మనిషి

జమ్మలమడుగు పక్క పల్లెల్లో కొడుకు ఎవరి మీదనో పళ్లు నూరుతున్నాడంటే తల్లులు ముందు చేసే పని ఒకటే, వాణ్ణి దూరాన ఉన్న బంధువుల ఇంటికి పంపెయ్యడం. నిర్మలమ్మ మొగుణ్ణి ముఠా కక్షల్లో పోగొట్టుకుంది. ఆ తర్వాత తనే శత్రువుల గడపకు పోయి, పెద్దల ముందు రాజీ పడి, కొడుకు అవినాష్‌ను బతికించుకుంది. అందుకే ఆ విద్య తనకు బాగా వచ్చని ఆమె నమ్మకం.

ఈ ఏడాది వాడు ఫోను వదలడం లేదు. అందులో వచ్చే వీడియోల్లో ముఖం కనిపించని మనిషెవడో పరాయి దేశంలో కూర్చుని, వేరే మతం వాళ్లు మీ మతాన్ని మింగేస్తుంటే గాజులు తొడుక్కుని కూర్చున్నారా అని రెచ్చగొడతాడు. ఆ పరాయి మాటల కింద తెలుగు అక్షరాలు పరుగెడతాయి. ఊళ్లో ప్రార్థన మందిరం నడిపే దేవపాలు సారు పేరెత్తితే చాలు, వాడి ముఖం మాడిపోతోంది. చిన్నప్పుడు వాడికి అక్షరాలు దిద్దించింది ఆ సారే.

"ఎవురితో గొడవరా?" అని అడిగింది.

"నీకర్థం కాదులే మా."

గొడవంటే ఎదుట ఒక మనిషి ఉండాలి కదా! పిచ్చి తల్లి, నేరుగా సారు ఇంటికే పోయింది. "మావాడు నిన్నేమన్నా అన్న్యాడా సార్? తప్పుంటే రాజీ చేసుకుందాం."

సారు నవ్వాడు. "నాకూ వానికీ గొడవేముందమ్మా? కనపడితే నమస్కారం గూడా పెడ్తాడు."

ఆ మాటతో ఆమె మనసు కుదుటపడింది. అయినా పాత అలవాటు కొద్దీ కొడుకును పులివెందులలో తమ్ముడి చీనీ బత్తాయి తోటకు పంపింది. మనిషిని పంపింది గానీ ఫోను లాక్కోలేదు. తోటలో పలకరించే దిక్కు లేదు, వాడికి తోడు ఆ గొంతొక్కటే.

రెండు నెలలకు, ఆదివారం పొద్దున, మందిరం గుమ్మంలో బాంబు పేలింది. దేవపాలు సారు అక్కడికక్కడే పోయాడు. అవినాష్ ప్రొద్దుటూరు బస్టాండులో పోలీసులకు దొరికాడు.

దర్యాప్తుకు ఢిల్లీ నుంచి వచ్చిన అధికారి కాళ్ల మీద పడింది నిర్మలమ్మ. "వానికి ఎక్కిచ్చినోడు యాడుంటాడు సార్? నేనే పోయి రాజీ అడుగుతా. ఇంగ పిల్లోళ్ల జోలికి రావద్దంటా."

"ఏ దేశమో కూడా తేలలేదమ్మా," అన్నాడాయన. ఆ గొంతు ఇంకా మాట్లాడుతూనే ఉందట, వేరే పేరుతో.

ఇక మిగిలింది సారు గడపే. పోయి నిలబడింది. సారు భార్య వరమ్మ తిట్టలేదు, తలుపు వెయ్యలేదు. ఒక్కటే అడిగింది.

"నీ మొగున్ని సంపినోళ్లకు ఆయప్ప పేరన్నా తెల్సు. మా ఆయన పేరు తెల్సునా నిర్మలమ్మా, ఆ మాట్లాడేటోనికి?"