ఆఖరి బస్సు పాటలో గుంట

వినికిడి పరీక్ష చేసే గదికి కిటికీ ఉండదు. గోడలకి బూడిదరంగు స్పాంజి, ఇంత మందాన తలుపు. అది మూసుకుంటే బయటి ప్రపంచం స్విచాఫ్. లోపల కూర్చున్నవాళ్ళు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కూత వినపడినప్పుడల్లా బటన్ నొక్కాలి. అద్దానికి ఇవతల కూర్చుని ఆ కూతలు పంపడం ఆమె ఉద్యోగం.

ముసలివాళ్ళు చాలామంది ఏమీ పంపకపోయినా నొక్కేస్తారు. ఫెయిలైపోతామని భయం.

"ఇప్పుడేం వినపడింది తాతగారూ?"

"సన్నగా... దోమ తిరుగుతున్నట్టు."

"నేనింకా ఏం పంపలేదండీ."

"అయితే దోమే అయ్యుంటుందమ్మా," అన్నాడాయన, ఏమాత్రం తొణక్కుండా.

ఇలాంటివి ఇంటికెళ్ళి ఎవరికైనా చెప్పుకుంటేనే మజా. ఇంట్లో ఉన్నది ఫ్రిజ్ ఒక్కటే. అది ఎప్పుడూ తన బాధలేవో తను మూలుక్కుంటూ ఉంటుంది. అందుకని ఆమె సాయంత్రాలు ఫోన్లో "గొడుగు కిందివాళ్ళు" గ్రూపు తెరిచి, మిగతావాళ్ళు కొట్టుకుంటుంటే చూస్తూ కూర్చునేది.

కొట్లాట అంతా ఒక బ్యాండ్ గురించి. "తడిసిన గొడుగులు" ఒకే పాటని ఏ రెండు షోల్లోనూ ఒకేలా వాయించేవాళ్ళు కాదు. మొన్న ఐదు నిమిషాల్లో అయిపోయిన పాట ఇవాళ అరగంట సాగేది. గిటార్ ఎటో దారి తప్పేది, డ్రమ్ములు దాన్ని వెతుక్కుంటూ వెళ్ళేవి, గాయకుడు అక్కడికక్కడ కొత్త చరణం కట్టేసేవాడు. అందుకే వాళ్ళ అభిమానులకి ఆల్బమ్‌లు ఆనవు. ఏ షోలో ఎవరు రికార్డు చేశారన్నదే ముఖ్యం. బ్యాండ్ విడిపోయాక ఆ రికార్డింగులు మిగిలాయి, వాటితోపాటు తగువులూ మిగిలాయి.

అన్నిట్లోకీ పెద్ద తగువు "ఆఖరి బస్సు" గురించి. వాళ్ళ చివరి షోలో అదే చివరి పాట. ఆ రోజు కుండపోత వాన, హాలు సగం కూడా నిండలేదు. ఆ పాటకి దొరికిన రికార్డింగు ఒక్కటే. అందులో పాట మంచి ఊపులో ఉండగా ఠక్కున తెగిపోతుంది. మళ్ళీ వినపడేసరికి వేగం వేరు, శ్రుతి వేరు. ఆ తెగిన చోటికి గ్రూపులో పేరు "గుంట". గుంటలో ఏం పాడాడన్నది ఎవరికీ తెలీదు కాబట్టి అందరికీ తెలుసు.

"వీడ్కోలు చెప్పాడు," అని రాసేవాడు పదాల డాక్టర్. అతను నిజానికి పళ్ళ డాక్టరు. రోగి నోట్లో మత్తు ఎక్కేలోపు పాటల మీద పేరాలకి పేరాలు రాస్తాడని ప్రతీతి. "అది మనకి వినే అర్హత లేదని బాబాయ్ కావాలనే కోసేశాడు."

బాబాయ్ అంటే పేరు చెప్పకుండా ఆ రికార్డింగు పెట్టిన మనిషి. మగాడని వీళ్ళకి ఎవరు చెప్పారో మరి. వయసిచ్చారు, గడ్డం ఇచ్చారు, బ్యాండ్‌తో ఊరూరా తిరిగిన చరిత్ర ఇచ్చారు. చుట్ట ఒక్కటే తక్కువ.

ఆ బాబాయ్ ఆమే.

గుంట సంగతేమిటంటే, పాట మధ్యలో అక్క ఫోన్ చేసింది. కాల్ రాగానే ఫోన్లో రికార్డింగ్ ఆగిపోయింది, అంతే. అసలు ఈ బ్యాండ్ పిచ్చి అంటించిందే అక్క. ఒకే ఇయర్‌ఫోన్ చెరో చెవిలో పెట్టుకుని, దుప్పట్లో దూరి విన్నవాళ్ళు ఇద్దరూ. ఆ చివరి షోకి ఇద్దరికీ టికెట్లు కొన్నారు. అక్కకి నెలలు నిండుతున్నాయి, డాక్టరు నిలబడొద్దంది. "వినిపించవే" అనడానికి చేసింది. ఈమె ఫోన్ స్టేజి వైపు ఎత్తి పట్టుకుంది. చెయ్యి పీకినా దించలేదు. కాల్ అయ్యాక మళ్ళీ రికార్డింగ్ నొక్కింది. తర్వాత రెండు ముక్కలూ అతికించి నెట్లో పెట్టింది.

ఆ తర్వాత పాప పుట్టింది. ఒకసారి అక్కావాళ్ళింటికి వెళ్ళినప్పుడు అక్క పాపని భుజాన వేసుకుని అదే పాటని నిదానంగా, జోలలా పాడుతోంది. ఈమె నవ్వింది. "అరగంట పాటని పీల్చి పిప్పి చేశావే. నువ్వూ అలాగే అయిపోయావు," అంది. బావ కూడా నవ్వాడు. అక్క నవ్వలేదు. ఇద్దరూ ఫోన్లు చేసుకోవడం తగ్గింది. తర్వాత ఫార్వర్డులు, ఆ తర్వాత అవి కూడా లేవు.

ఆదివారం మధ్యాహ్నం ఒక కేఫ్ పై అంతస్తులో "అరువు గొడుగులు" షో ఉందని గ్రూపులో వచ్చింది. బ్యాండ్ విడిపోయాక ఆ పాటల్నే అచ్చుగుద్దినట్టు వాయించే కుర్రాళ్ళు వాళ్ళు. చివరి షోని మొత్తం దించుతారట. ఆమె ఇస్త్రీ చేసుకున్న చొక్కా వేసుకుని వెళ్ళింది. గ్రూపువాళ్ళని మొహాలతో చూడటం అదే మొదలు. "గ్రూపులో మీ పేరేంటండీ?" అని ఎవరో అడిగారు. చెప్పింది. "ఓ, ఎప్పుడూ ఏం రాయరు కదా మీరు," అన్నారు మర్యాదగా.

ఆఖరి పాట మొదలైంది.

*ఆఖరి బస్సు వెళ్ళిపోయింది, నడుద్దాం పద*
*నీ చెప్పులు నా చేతికివ్వు, నడుద్దాం పద*

గిటార్ పైకి ఎక్కుతోంది, డ్రమ్ములు వెంట పరిగెడుతున్నాయి. సరిగ్గా ఆ చోట అందరూ ఆగిపోయారు. తీగ మీద వేలు, గాల్లో డ్రమ్ము పుల్ల, ఎక్కడివక్కడ. జనమంతా తలలు దించుకున్నారు. పదాల డాక్టర్ కళ్ళు కూడా మూసుకున్నాడు. పోయినవాళ్ళ కోసం మౌనం పాటిస్తున్నట్టుంది హాలు.

తన ఫోన్ మోగినందుకు ఇంతమంది మౌనం పాటిస్తున్నారు! ఆమెకి నవ్వు తన్నుకొచ్చింది. పెదవి కొరుక్కుంది కానీ ముక్కులోంచి వచ్చేసింది.

"ష్ష్!" అంది వెనక వరస.

డ్రమ్మర్ పుల్లతో టక్ మనిపించాడు. పాట వేరే వేగంలో, వేరే శ్రుతిలో లేచింది. అందరూ ఈలలు.

షో అయ్యాక కుర్చీలు గుండ్రంగా లాక్కుని కూర్చున్నారు. ఆమె చివర్లో కూర్చుంది.

"నవ్వొచ్చే చోటు కాదు కదండీ అది," అన్నాడు పదాల డాక్టర్.

"సారీ అండీ. అది... అక్కడ ఏం లేదు. కాల్ వచ్చింది. మా అక్క కాల్."

"ఎవరికి?"

"నాకే. ఆ రికార్డింగ్ నాదే."

అందరూ నవ్వారు, వెక్కిరింతగా కాదు, పక్కింటి పిల్ల తను రాణీనని చెబితే నవ్వినట్టు.

"బాబాయ్ ఫోన్ ఎత్తే రకం కాదు మేడమ్," అన్నాడు గిటార్ కుర్రాడు. "మేము ఆ నిశ్శబ్దాన్ని నెల రోజులు ప్రాక్టీస్ చేశాం."

"పోనీ, మీదే అనుకుందాం," అన్నాడు డాక్టర్. "మీరు అక్కడున్నారుగా. గుంటలో ఏం పాడాడో చెప్పండి."

ఆమె నోరు తెరిచింది. చెయ్యి పీకడం గుర్తుంది. ముందువాడి గొడుగులోంచి కారిన నీళ్ళు గుర్తున్నాయి. చరణం మాత్రం గుర్తు లేదు.

"మా అక్క విందండీ," అంది చివరికి.

"అయితే ఈసారి అక్కగారిని కూడా తీసుకురండి," అని కుర్చీ ఆమె వైపు నుంచి తిప్పుకున్నాడు. మాటలు డ్రమ్మర్ పుల్ల టైమింగ్ మీదికి వెళ్ళిపోయాయి.

ఆమె బస్సులో ఇంటికొచ్చింది. చెప్పులు విప్పి, గుమ్మంలోనే ఫోన్ తీసింది. పాట కోసమే చేస్తున్నానని తనకి తనే నచ్చజెప్పుకుంది. గుమ్మం దాటితే ఆ నచ్చజెప్పడం కాస్తా కరిగిపోతుందని తెలుసు. అందుకే అక్కడే నిలబడి నొక్కింది.

"ఏంటే, ఎవరన్నా పోయారా?" అంది అక్క.

"లేదే. ఒకటి అడుగుదామని. ఆ రోజు వానలో షో... నువ్వు ఫోన్ చేశావు చూడు. నీకు వినిపించాను కదా. అప్పుడు వాడేం పాడాడు?"

అవతల పాత్రల చప్పుడు ఆగింది.

"దీనికా చేశావు?"

"ఊఁ."

"వాడేం పాడాడో నాకేం తెలుసే? నీ గొంతు తప్ప ఏం వినపడలా. ఫోన్ పక్కనే గొంతు చించుకుంటున్నావు. శ్రుతీ లేదు, పాడూ లేదు. ఫోన్ జానెడు దూరం పెట్టుకుని విన్నా."

"మరి పెట్టెయ్యకపోయావా?"

"ఎందుకు పెట్టేస్తా? నువ్వెలా ఎగురుతున్నావో విందామనే కదా చేసింది."

ఆమె గోడకి ఆనుకుంది. చెప్పాల్సినవి చాలా ఉన్నాయి: హాలు మౌనం పాటించడం, బాబాయ్ గడ్డం, దోమ విన్న తాతగారు. దేనితో మొదలుపెట్టాలో తేలలేదు.

"అక్కా, ఆ రోజు మీ ఇంట్లో నేనన్నది..."

అవతల పాప ఏడుపు లంకించుకుంది.

"ఉండు, పెట్టెయ్యకు. ఇప్పుడే వస్తా," అంది అక్క. ఫోన్ ఏదో గట్టు మీద పెట్టిన చప్పుడు.

ఆమె పెట్టెయ్యలేదు. కుళాయి కారుతోంది. కుర్చీ జరిగింది. బావ ఏదో అడిగాడు, అక్క దూరం నుంచి ఏదో చెప్పింది. తర్వాత పాప ఏడుపు మీదుగా అక్క గొంతు మెల్లగా మొదలైంది. ఆఖరి బస్సు వెళ్ళిపోయింది, నడుద్దాం పద. అదే జోల, అదే పిప్పి. ఏడుపు తగ్గుతోంది. రెండో చరణం దగ్గర అక్కకి మాటలు గుర్తు రాలేదు. ఊ ఊ అంటూ లాగించేస్తోంది.

ఆమెకి ఆ మాటలు వచ్చు. ఫోన్ నోటి దగ్గరికి తెచ్చుకుని అందించింది. ఒకసారి మెల్లగా, ఇంకోసారి గట్టిగా. అవతల ఫోన్ ఏ గట్టు మీదో ఉంది. అక్క ఊ ఊ అంటూనే ఉంది.

ఆమె గుమ్మంలోనే కింద కూర్చుని మళ్ళీ మొదటి నుంచి పాడింది.