చంద్రవ్వ నెత్తురు

ఖైదీలకు వండే కందిపప్పులో రాళ్లు ఏరుతుంటే, గోడ అవతల నుంచి ఒక ఆడగొంతు వినిపించింది.

"ఎయిడ్స్ కలిసి తింటే రాదు, ముట్టుకుంటే రాదు. ఒకే సూది అందరికీ పొడిస్తే వస్తుంది. రోగమున్న మనిషితో పడుకుంటే వస్తుంది. చూపుకు బాగున్న మనిషికీ ఉండొచ్చు."

చేట నా చేతుల్లోనే ఆగిపోయింది.

అది 1989. వికారాబాద్‌కూ తాండూరుకూ మధ్య ఉన్న ఆ చిన్న సబ్‌జైల్లో నా మొగుడు జంగప్ప వార్డరు. ఖైదీలకు రెండు పూటలా వండేది నేను. జీతం మాత్రం ఆయనకే. "పొయ్యి ఎట్లైన ముట్టిస్తవ్, ఇంకో నాలుగు గింజలు ఎక్కువెయ్యనీకి ఏమాయె చంద్రవ్వా?" అనేది మా అత్త హన్మమ్మ. సెలవు దొరికితే చాలు, జంగప్ప రైలెక్కి కర్ణాటక వైపు పోయేవాడు. ఎవరి దగ్గర పడుకునేవాడో ఊరందరికీ తెలుసు. అడిగితే, "మొగోణ్ని నిలదీసేటిది సంసారం చేస్తదా?" అనేవాడు. ఆ మాట మింగి మళ్లీ ఆయన పక్కకే చేరేదాన్ని. అప్పటికి నా కడుపులో బిడ్డ ఉంది.

నేను గుమ్మంలోకి వచ్చాను. జంగప్ప లాఠీతో ఖైదీలను వరసలో నెడుతున్నాడు. ఇందాకటి గొంతు ఎయిడ్స్ పరీక్షకు ఖైదీల రక్తం తీసుకోవడానికి వచ్చిన డాక్టరమ్మది; ఆమె ఆయన్ని ఆపింది. "బలవంతం వద్దు. ఇష్టమైతేనే రక్తం ఇవ్వాలి." దొంగనూ అడిగింది, కొట్లాట కేసువాణ్నీ అడిగింది. నీకిష్టమేనా అని. పెళ్లయినప్పటి నుంచి నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు.

ఖైదీల వరసలోని లారీ డ్రైవర్ నిసార్ చెయ్యి చాచాడు. "జంగప్ప సాబ్, మీరు గూడ ఇయ్యరాదుండ్రి. చీమ కుట్టినట్టే, ఫికర్ చెయ్యకుండ్రి."

"నేనేమన్న ఖైదీనారా?" జంగప్ప కసిరాడు.

"అయితె అక్కనన్న అడుగు డాక్టరమ్మా. మాకు వండిపెడ్తది. ఆమెనెవ్వలు అడుగుతలేరు."

డాక్టరమ్మ అడిగింది. కొంగుకు చెయ్యి తుడుచుకుని చాచాను. ఆ ఒక్క మాటకు నిసార్‌కు ఇవాళ్టికీ మనసులో దండం పెట్టుకుంటాను.

ఫలితం కోసం రోజులు లెక్కపెట్టుకున్నాను. చివరికి డాక్టరమ్మే వంటింట్లోకి వచ్చి చెవిలో చెప్పింది. "నీకేం లేదు. కానీ కొత్తగా అంటితే వెంటనే తెలియదు. మూడు నెలలాగి మళ్లీ చూద్దాం. అందాక జాగ్రత్త." ఆమె రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాను. నిసార్‌కేమొచ్చిందో ఆమె చెప్పలేదు, నేనడగలేదు.

సంగతి విని జంగప్ప విరగబడి నవ్వాడు. "నీది మంచిగొచ్చిందంటె నాది మంచిగున్నట్టే గద! ఉత్తగనే పరేషానైతివి. పక్కెయ్యి."

"అది నా నెత్తురు," అన్నాను. "నీది నువ్వియ్యి. అందాక నా పక్కకు రాకు."

ఆయన చెయ్యెత్తాడు. అత్త లేచి మా మధ్యకు వచ్చింది.

"మీ నాయిన గూడ గిట్లనే తిరిగొస్తుండె. నా తరఫున ఒక్కలు మాట్లాడలే. పోయి నెత్తురిచ్చి రా కొడకా."

ఆ రాత్రి జంగప్ప పడుకునే చాపను బయటికి తీసుకుపోయి అరుగు మీద పరిచింది మా అత్తే.